చూపించకపోతే ఏమవుతుందండీ?
ఆదాయపు పన్ను రిటర్నులు వేసేవారికి ఏటా ఎదురయ్యే చిక్కు ప్రశ్నలు, వాటి వెనకున్న లెక్కలు

2024 జూలై 31న ఒక్కరోజే దేశవ్యాప్తంగా 69.92 లక్షల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలయ్యాయి. ఆ రోజుతో గడువు ముగిసేసరికి మొత్తం 7.28 కోట్లు దాటాయి. అందులో 58.57 లక్షల మంది తొలిసారి రిటర్ను వేసినవాళ్లు. ఇలా కొత్తగా వచ్చేవారిలో చాలామంది ముందుగా వెళ్లేది తెలిసినవాళ్లు చెప్పిన ‘ఆడిటర్ గారి’ దగ్గరికే. ఆయన నిజంగా చార్టర్డ్ అకౌంటెంటే కావచ్చు. లేదా పన్ను కేసులు చూసే లాయరో, అకౌంట్స్‌లో ఏళ్ల అనుభవమున్న కామర్స్ గ్రాడ్యుయేటో కావచ్చు. మన దేశంలో ఇంకొకరి రిటర్ను తయారుచేసి పెట్టడానికి ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. ఆదాయపు పన్ను శాఖ ముందు మన తరఫున హాజరు కావాలంటే మాత్రం సెక్షన్ 288లో చెప్పిన అర్హత ఉండాలి.

రిటర్ను తయారుచేసేవాళ్లను ఇబ్బంది పెట్టేది కూడికలూ తీసివేతలూ కాదు, ఆ పని సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఫైలు మూసి, గొంతు తగ్గించి అడిగే మాట దగ్గరే చిక్కంతా: ‘ఇది చూపించకపోతే ఏమవుతుందండీ?’ దీనికి నీతిబోధ జవాబు కాదు, లెక్క వేసి చూపించడమే జవాబు. దాచితే మిగిలేదెంత, దొరికితే పోయేదెంత అన్నది కాగితం మీద పెడితే చాలా ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. ఈ కథనంలోని ఉదాహరణలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా, ఆ ఏడాది ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది.

12 లక్షలు: ‘పన్ను లేదన్నారుగా, ఎందుకు పడింది?’

కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదన్న మాట ఊరూవాడా పాకింది. ఉద్యోగులకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంటుంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా ఆ మాట నిజమే. అయితే స్లాబులు మొదలయ్యేది 12 లక్షల దగ్గర కాదు, 4 లక్షల దగ్గర. ఆ పైన పడే పన్నును సెక్షన్ 87ఏ కింద 60 వేల దాకా రిబేటు ఇచ్చి సున్నా చేస్తారు. ప్రత్యేక రేటు ఉన్న ఆదాయాలకు ఈ రిబేటు అందదు. గొడవంతా అక్కడే వస్తుంది.

ఒక ఉదాహరణ. జీతం 11.75 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11 లక్షలు. ఏడాదిలోపే షేర్లు అమ్మగా వచ్చిన లాభం లక్ష. మొత్తం ఆదాయం సరిగ్గా 12 లక్షలు. జీతంపై స్లాబుల ప్రకారం పడే 50 వేలు రిబేటులో పోతాయి. షేర్ల స్వల్పకాలిక లాభంపై 20 శాతం చొప్పున 20 వేలు, దానిపై 4 శాతం సెస్సు 800, మొత్తం రూ.20,800 కట్టాల్సిందే. ‘12 లక్షలు దాటలేదు కదా’ అని క్లయింటు వాదిస్తాడు. దాటలేదు, కానీ ఆ లక్షకు రిబేటు లేదు.

దీనికి తోబుట్టువు లాంటి భయం ఇంకొకటి: ‘పదివేలు ఎక్కువ వచ్చినందుకు 60 వేలు కట్టాలా?’ అక్కర్లేదు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 12.10 లక్షలైతే స్లాబుల లెక్కన పన్ను 61,500 వస్తుంది. కానీ మార్జినల్ రిలీఫ్ ఉంది కాబట్టి 12 లక్షలు దాటిన 10 వేలకు మించి పన్ను వేయరు. సెస్సుతో కలిపి రూ.10,400.

62,400: ‘మా కొలీగ్‌కి రీఫండ్ వచ్చింది, నాకూ తెప్పించండి’

ఏ రిటర్నుల సీజన్లోనైనా ఎక్కువగా వినపడే మాట ఇదే, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. పాత విధానంలో 30 శాతం స్లాబులో ఉన్న ఉద్యోగి ఇవ్వని విరాళాన్ని, ఒక రాజకీయ పార్టీకి 2 లక్షలు ఇచ్చినట్టు 80జీజీసీ కింద చూపించాడనుకుందాం. సెస్సుతో కలిపి రూ.62,400 రీఫండ్ వస్తుంది. ‘తెప్పించిన’ వ్యక్తి అందులోంచి కమిషన్ తీసుకుంటాడు.

అది దొరికిన రోజు లెక్క వేరు. 62,400 పన్ను వెనక్కి కట్టాలి. ఆదాయాన్ని తప్పుగా చూపించినందుకు సెక్షన్ 270ఏ కింద పన్నుకు రెండింతల జరిమానా, అంటే రూ.1,24,800. రెండూ కలిపి రూ.1,87,200. వడ్డీ దీనికి అదనం. కమిషన్ పుచ్చుకున్నవాడు ఇందులో ఒక్క రూపాయి కూడా పంచుకోడు. రిటర్ను చివర డిక్లరేషన్ ఉండేది క్లయింటు పేరు మీద, ఓటీపీ వచ్చేది క్లయింటు ఫోన్‌కు. అబద్ధపు రిటర్నుకు సాయం చేసినవాడిపైనా సెక్షన్ 278 కింద ప్రాసిక్యూషన్ పెట్టవచ్చు. అయినా దానివల్ల క్లయింటు బాకీ తగ్గదు.

ఇదంతా ఊహకాదు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలోని 150 చోట్ల ఇలాంటి దొంగ మినహాయింపులపై తనిఖీలు చేసింది. అప్పటికి నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది తమంతట తామే రిటర్నులు సరిచేసుకుని రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. కొందరు మధ్యవర్తులు వందలాది రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈమెయిళ్లు తెరిచి, తర్వాత వాటిని వదిలేశారనీ, దాంతో నోటీసులు ఎవరూ చదవకుండా పడి ఉన్నాయనీ ఆ ప్రకటనలోనే ఉంది. నోటీసు వచ్చిందన్న సంగతే క్లయింటుకు తెలియదన్నమాట.

ఇప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే? రివైజ్డ్ రిటర్ను గడువు మిగిలి ఉంటే దాన్ని వాడుకోవడం అన్నిటికన్నా చవక. గడువు దాటితే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది. అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక ఏడాదిలోపు వేస్తే కట్టాల్సిన పన్ను, వడ్డీలపై 25 శాతం అదనం. రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70 శాతం. పై ఉదాహరణలో మొదటి ఏడాదే బయటపడితే 62,400కు అదనంగా 15,600, వడ్డీ. అంటే వడ్డీ కాక 78 వేలతో తేలిపోతుంది. ఆగితే 1.87 లక్షలు.

1.44 లక్షలు: ‘అమ్మకు అద్దె ఇస్తున్నట్టు రాయొచ్చా?’

‘ఇస్తున్నట్టు’ రాయకూడదు. ఇస్తే రాయొచ్చు. ఇల్లు అమ్మ పేరున ఉండాలి. అద్దె బ్యాంకు ద్వారా వెళ్లాలి. ఏడాది అద్దె లక్ష దాటితే అమ్మ పాన్ నంబరు కంపెనీకి ఇవ్వాలి. అమ్మ ఆ అద్దెను తన ఆదాయంగా చూపాలి.

హైదరాబాద్‌లో నెలకు బేసిక్ 60 వేలు, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) 24 వేలు, అద్దె 18 వేలు అనుకుందాం. మూడు అంకెల్లో చిన్నదే మినహాయింపు. అందిన హెచ్ఆర్ఏ 2.88 లక్షలు. బేసిక్‌లో 40 శాతమూ 2.88 లక్షలే, ఎందుకంటే 2025-26 ఆదాయానికి హైదరాబాద్ ఇంకా 50 శాతం నగరాల జాబితాలో లేదు. అద్దెలోంచి బేసిక్‌లో పది శాతం తీసేస్తే 2.16 లక్షల నుంచి 72 వేలు పోయి 1.44 లక్షలు. ఇదే చిన్నది కాబట్టి మినహాయింపు ఇంతే. అమ్మ వైపు 2.16 లక్షల్లో 30 శాతం మరమ్మతుల కింద పోతుంది, 1.51 లక్షలు ఆదాయం. ఆమెకు వేరే ఆదాయం లేకపోతే పన్ను పడదు.

అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం దీని తర్వాత ఉంది. ఆ ఉద్యోగి మొత్తం జీతం 15 లక్షలైతే, పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, హెచ్ఆర్ఏ 1.44 లక్షలు, 80సీ 1.5 లక్షలు, ఆరోగ్య బీమా 25 వేలు అన్నీ తీసేశాక కూడా పన్ను దాదాపు రూ.1,57,870. కొత్త విధానంలో ఏ కాగితమూ చూపించకుండా రూ.97,500. ఆ జీతానికి పాత విధానం గిట్టుబాటు కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి దాదాపు 5.94 లక్షల మినహాయింపులు ఉండాలి. ఆ అద్దె రసీదు దొంగదైతే దానితో ఆ మనిషికి ఒరిగింది ఏమీ లేదు. అరవై వేలు ఎక్కువ కట్టి, పైగా నోటీసు భయం కూడా కొని తెచ్చుకున్నాడు. మంచి కన్సల్టెంటు రసీదు గురించి వాదించేముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు.

2, 6, 8 కిలోమీటర్లు: ‘పొలం అమ్మితే పన్ను లేదు కదా?’

రెండు తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ముడిపడి ఉండే ప్రశ్న ఇది. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదన్నది నిజం. గ్రామీణం అంటే ఏమిటో మాత్రం చట్టం దూరంతో కొలుస్తుంది. మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపుంటే దాని పొలిమేర నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపుంటే 6, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు దాటి భూమి ఉండాలి. కొలిచేది రోడ్డు దూరం కాదు, గాలిలో సరళరేఖ దూరం. బస్సు పదకొండు కిలోమీటర్లు తిరిగి వెళ్లే ఊరు గీత గీస్తే ఏడు కిలోమీటర్లలోనే ఉండవచ్చు. అందుకే పాస్‌బుక్, అడంగల్ లేదా పహాణీతో పాటు దూరాన్ని ధ్రువపరిచే తహసీల్దారు పత్రం కూడా అమ్మిన నాడే తీసుకుని దాచుకోవాలి. వ్యవసాయేతర అవసరాలకు మార్చి లేఅవుట్ వేసిన భూమికి ఈ వెసులుబాటు ఆశించకూడదు.

అమరావతి ల్యాండ్ పూలింగ్‌లో భూమి ఇచ్చినవారి లెక్క వేరు. 2014 జూన్ 2 నాటికి ఆ భూమికి యజమానులుగా ఉన్నవారికి సెక్షన్ 10(37ఏ) కింద మినహాయింపు ఉంది. ఆ తేదీ తర్వాత కొన్నవారికి లేదు.

ప్లాటు అయితే పన్ను తప్పదు, కానీ రెండు దారుల్లో తక్కువైనది ఎంచుకోవచ్చు. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలాన్ని ఇప్పుడు అమ్మే, దేశంలో నివసించే వ్యక్తికి, కొన్న ధరను పెంచి చూపకుండా 12.5 శాతం ఒకటి, ద్రవ్యోల్బణ సూచీతో పెంచి 20 శాతం ఇంకొకటి. 2005-06లో 5 లక్షలకు కొన్న ప్లాటు 2025-26లో 60 లక్షలకు పోతే మొదటి దారిలో పన్ను రూ.6.87 లక్షలు. రెండో దారిలో కొన్న ధర 117 నుంచి 376కు పెరిగిన సూచీ ప్రకారం 16.07 లక్షలవుతుంది, పన్ను రూ.8.79 లక్షలు. మొదటిదే మేలు. అదే 2010-11లో 20 లక్షలకు కొని ఇప్పుడు 40 లక్షలకు అమ్మితే మొదటి దారిలో 2.5 లక్షలు. రెండో దారిలో కొన్న ధరే 45 లక్షలకు పైగా తేలుతుంది కాబట్టి పన్ను సున్నా. సెస్సు కలపక ముందు లెక్కలివి. రేటు తక్కువగా ఉందని 12.5కు టిక్కు పెట్టేసే తయారీదారు ఈ రెండో క్లయింటుకు రెండున్నర లక్షలు నష్టం చేసినట్టే.

ఇంటి కోసం పెట్టుబడి పెట్టేవారు తరచుగా పొరబడేది ఇంకొకటి. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే సెక్షన్ 54 కింద లాభం పెడితే చాలు. ప్లాటు అమ్మి ఇల్లు కొంటే 54ఎఫ్ కింద వచ్చిన మొత్తం సొమ్మూ పెట్టాలి. లాభం మాత్రమే పెడితే మినహాయింపు పెట్టిన సొమ్ము నిష్పత్తిలోనే దక్కుతుంది.

30 లక్షల నగదు: ‘డాక్యుమెంట్‌లో సగమే వేశాం’

ఈ మాట చెప్పేటప్పుడు మనుషులు సాధారణంగా తలుపు వేసి వస్తారు. 60 లక్షల ప్లాటు, చెక్కు 30 లక్షలు, నగదు 30 లక్షలు. దాచిన 30 లక్షలపై అమ్మినవారికి మిగిలే పన్ను 12.5 శాతం లెక్కన 3.75 లక్షలు, సెస్సుతో 3.9 లక్షలు. కానీ స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని సెక్షన్ 269ఎస్ఎస్ నిషేధించింది. ఉల్లంఘిస్తే తీసుకున్నంతా జరిమానా వేయవచ్చు. అంటే 30 లక్షలు. 3.9 లక్షలు మిగుల్చుకోవడానికి 30 లక్షలు పణంగా పెడుతున్నారు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నిర్ణయించిన మార్కెట్ విలువ డాక్యుమెంట్‌లోని ధర కన్నా పది శాతానికి మించి ఎక్కువుంటే ఆ విలువనే అమ్మిన ధరగా తీసుకుంటారు. 30 లక్షలు, ఆపైన రిజిస్ట్రేషన్లన్నీ ఆదాయపు పన్ను శాఖకు వెళ్తాయి. ఏడాదిలో సేవింగ్స్ ఖాతాలో 10 లక్షల నగదు జమ అయినా వెళ్తుంది. కాబట్టి ఆ 30 లక్షలను బ్యాంకులో వేయబోయిన రోజే ప్రశ్న మళ్లీ మొదలవుతుంది.

14.3 శాతం: ‘మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, ఇక్కడి ఇల్లు కొంటున్నవాళ్లకి ఏం చెప్పాలి?’

అమ్మేవారు ఇక్కడ నివసించేవారైతే 50 లక్షలు, ఆపైన ధరకు కొనేవారు ఒక శాతం టీడీఎస్ కట్ చేస్తే సరిపోతుంది. 80 లక్షల ఇంటికి 80 వేలు. ప్రవాస భారతీయుడు అమ్మితే ఈ ఒక శాతం నియమం పనికిరాదు. సెక్షన్ 195 వర్తిస్తుంది. 12.5 శాతానికి 10 శాతం సర్‌చార్జీ, 4 శాతం సెస్సు కలిపితే 14.3 శాతం. డిపార్ట్‌మెంట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే కొనేవారు మొత్తం 80 లక్షల మీదా కట్ చేయడమే ఆచరణలో ఉంది. అంటే రూ.11.44 లక్షలు. నిజమైన లాభం 20 లక్షలే అయితే అసలు పన్ను సెస్సుతో 2.6 లక్షలు. మిగిలిన దాదాపు 8.84 లక్షలు రిటర్ను వేసి రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోతాయి.

ఈ ఇబ్బంది తప్పాలంటే రిజిస్ట్రేషన్‌కు ముందే తక్కువ రేటు టీడీఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. కొనేవారు తెలియక ఒక శాతమే కట్ చేస్తే కట్ చేయని మొత్తానికి వాళ్లే బాధ్యులవుతారు. అమ్మకందారు విమానమెక్కి వెళ్లిపోతాడు, నోటీసు మాత్రం ఇక్కడున్న కొనుగోలుదారుకే వస్తుంది. అడ్వాన్సు ఇచ్చేముందే అమ్మేవారి నివాస హోదా కాగితం మీద రాయించుకోవాలి.

24,678 మంది: ‘అమెరికా షేర్లు ఇంకా అమ్మలేదు, వాటినీ చూపించాలా?’

చూపించాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలిలోని విదేశీ కంపెనీల ఉద్యోగులకు జీతంలో భాగంగా మాతృసంస్థ షేర్లు రావడం మామూలైంది. ఇక్కడ నివసించేవారు వాటిని విదేశీ ఆస్తుల షెడ్యూల్లో రాయాలి. ఆ షెడ్యూల్ జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క అడుగుతుంది. ఐటీఆర్-1 వాడకూడదు. రాయకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాకుండా మిగిలిన విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా లేదు. రాయాల్సిన బాధ్యత మాత్రం పోలేదు.

2024లో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటివారికి ఎస్సెమ్మెస్‌లు, మెయిళ్లు పంపాక 24,678 మంది రిటర్నులు సవరించి రూ.29,208 కోట్ల విదేశీ ఆస్తులు, రూ.1,089.88 కోట్ల విదేశీ ఆదాయం చూపించారు. వీళ్లలో అందరూ దాచాలనుకున్నవాళ్లే అనుకోవడానికి లేదు. అడగాలని ఎవరికీ తట్టకపోవడమూ ఒక కారణమే. ‘మీ కంపెనీ షేర్లు ఇస్తుందా?’ అని తయారీదారే ముందుగా అడగాలి.

ఒక్క వాక్యంలో తేలే ప్రశ్నలు

‘బ్యాంకు టీడీఎస్ కట్ చేయలేదు, పన్ను లేనట్టేగా?’ కాదు. ఎఫ్‌డీ వడ్డీ 50 వేల లోపుంటే బ్యాంకు టీడీఎస్ కట్ చేయదు, ఆదాయంలో మాత్రం కలపాలి.

‘డబ్బు మా ఆవిడ పేరున ఎఫ్‌డీ వేస్తే?’ బహుమతికి పన్ను లేదు, దాని వడ్డీ మాత్రం మళ్లీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

‘స్నేహితుడు 60 వేలు కానుక ఇచ్చాడు.’ బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50 వేలు దాటితే దాటినంత కాదు, మొత్తం 60 వేలకూ పన్ను. పెళ్లి కానుకలకు ఇది వర్తించదు.

‘క్రిప్టోలో ఒకదాంట్లో నష్టం, ఇంకోదాంట్లో లాభం.’ లాభంపై 30 శాతం కట్టాలి, నష్టాన్ని తీసేయనివ్వరు.

అడగాల్సిన ప్రశ్న

పై లెక్కలన్నిటా కనిపించేది ఒక్కటే. దాచడం వల్ల మిగిలేది వేలల్లో, ఎక్కువంటే మూడు నాలుగు లక్షల్లో ఉంటుంది. దొరికితే పోయేది దానికి మూడు నుంచి ఎనిమిది రెట్లు. కొన్ని సందర్భాల్లో నిజాయితీగా వేసిన రిటర్నే తక్కువ పన్నుతో పోతుంది. ఈ లెక్క చెప్పి ‘ఇది నేను రాయను’ అనే కన్సల్టెంటు ఆ సీజన్లో కొందరు క్లయింట్లను పోగొట్టుకుంటాడు. అతన్ని నిలబెట్టాల్సింది మనమే.

అందుకే రిటర్ను ఇచ్చేముందు కొన్ని చూసుకోండి. పోర్టల్లో మీ సొంత మొబైల్, సొంత ఈమెయిల్ ఉన్నాయా? వేసిన రిటర్నుతో పాటు లెక్కల కాగితం ఇస్తున్నారా? ఫీజు పనికి తగ్గట్టు అడుగుతున్నారా, రీఫండ్‌లో శాతం అడుగుతున్నారా? చార్టర్డ్ అకౌంటెంట్లకైతే ఇలా ఫలితాన్ని బట్టి శాతాల్లో ఫీజు తీసుకోవడాన్ని వాళ్ల చట్టమే దుష్ప్రవర్తన కింద చేర్చింది. శాతం అడిగేవారు ఎవరైనా సరే, వారి దగ్గర నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

ఆ తర్వాత ‘ఎంత రీఫండ్ వస్తుంది?’ అన్న ప్రశ్న పక్కన పెట్టి ఇది అడగండి: ‘ఈ అంకె గురించి మూడేళ్ల తర్వాత ఆఫీసర్ అడిగితే, నా దగ్గర చూపించడానికి ఏ కాగితం ఉంది?’ దానికి జవాబు చెప్పి, ఆ కాగితం ఫైలులో పెట్టించే మనిషి దొరికితే ఆయన అడిగిన ఫీజు బేరమాడకుండా ఇవ్వండి.